బయల్దేరినామని చెప్పిన పూట

"ఫోనులో ఆ మాట చెప్పింది నేనే." ఈ ఒక్క వాక్యం నేను చెప్పాల్సిన చోట చెప్పలేదు. చెప్పడానికి రెండు అవకాశాలు వచ్చాయి. మొదటిసారి కారులో. అప్పుడు నోరు తెరిచాను గానీ అబద్ధానికి తెరిచాను. రెండోసారి విచారణ గదిలో. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. దానివల్ల ఒక డ్రిల్లు సారు తన దగ్గర పరుగు నేర్చుకున్న పిల్ల దృష్టిలో ఆమె ప్రాణం మీదికి తెచ్చిన మనిషిగా మిగిలిపోయాడు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను యువజన, క్రీడల శాఖ మంత్రి దగ్గర పీఏగా ఉండేవాణ్ణి. రెవెన్యూ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లాను. ఆ మంత్రి ఎవరు, ఏ ప్రభుత్వం అన్నది రాయను. తప్పు నాది. ఆయన పేరు మళ్లీ అడ్డం పెట్టుకోవడం ఇష్టం లేదు.

ఆ శాఖను సచివాలయంలో పెద్దగా లెక్కచేసేవాళ్లు కాదు. మా మంత్రికీ మొదట్లో రుచించలేదు. "నీళ్ల శాఖ అడిగితే చేతిలో బంతి పెట్టిరి గదప్పా" అని నవ్వేవారు. కాలేజీలో వాలీబాల్ ఆడిన మనిషి. ఏ గ్రౌండుకు పోయినా బంతి అడిగి తీసుకుని, తెల్ల పంచెతోనే ఒక సర్వీసు కొట్టేవారు. పిల్లలు చప్పట్లు కొడితే ఆ పూటకు ఆయన ముఖంలో పదవి తెచ్చిన అసంతృప్తి కనిపించేది కాదు. మిగతా పనంతా రిబ్బన్లు, కప్పులు, అర్జీలు. ఆట స్థలం కబ్జా అయిందనీ, సెలక్షన్లకు పోవడానికి బస్సు లేదనీ, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ ఆపేశారనీ రోజూ అర్జీలు వచ్చేవి.

ఒక సంగతి మాత్రం ఆ ఉద్యోగంలో ఉండగా నాకు తట్టలేదు, తర్వాత తట్టింది. మేము ఏ ఊరికి పోయినా అక్కడ ఒక ఆట మా కోసం ఆగిపోయి ఉండేది. మంత్రి దిగితేనే మొదలయ్యేది. కాల్వ పని ఆగితే మనుషులు చెట్టు కింద కూర్చుంటారు. ఆట ఆగితే పిల్లలు వరసలో నిలబడతారు.

ఆ వరసలో ఉన్నవాళ్లకు మేము ఎక్కడున్నామో చెప్పే పని నాది.

టూరు ఫోనులకు మాలో ఒక భాష ఉండేది. ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చు. మంత్రి ఇంకా స్నానం చేస్తుంటే "రెడీగా ఉండారు" అనేవాళ్లం. టిఫిన్ దగ్గర కూర్చుంటే "బయల్దేరినాం". నిజంగా కారెక్కితే "ఊరు దాటినాం". సగం దూరం వస్తే "వచ్చేసినాం". ఎదుటివాళ్లు కూడా ఈ భాషకు అలవాటుపడి ఉండేవారు. "బయల్దేరినాం" అని చెబితే తహశీల్దారు ఇంటికి పోయి భోంచేసి వచ్చేవాడు. డప్పులవాళ్లు బీడీ వెలిగించుకునేవారు. దండలమ్మే మనిషి "ఊరు దాటినాం" అనే దాకా దండలను తడిగుడ్డలోంచి తీసేవాడు కాదు. అబద్ధం చెబుతున్నామని మాకు అనిపించేది కాదు, విన్నామని వాళ్లకూ అనిపించేది కాదు.

ఆ రోజు బనగానపల్లెలో కార్యక్రమం. అక్కడి నుంచి గంట దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో, హైస్కూలు గ్రౌండులో కొత్తగా వేసిన పరుగు ట్రాక్ ప్రారంభం. పదిన్నరకని టూరు కాగితంలో ఉంది. ఆడపిల్లల ఎనిమిది వందల మీటర్ల పరుగును మంత్రి జెండా ఊపి ప్రారంభించాలి. ముందురోజే ఆ స్కూలు డ్రిల్లు సారుకు ఫోను చేసి చెప్పాను.

"సార్ కారు దిగంగానే పరుగు మొదలు కావాల. పిల్లోళ్లను పిలుచుకొచ్చేది, నిలబెట్టేది అప్పుడు పెట్టుకోవద్దు. లైను మీద సిద్ధంగా ఉండాల."

"అట్లనే సార్. టైమ్ ఒక్కటి కరెక్టుగా చెప్పండి సార్. దాన్ని బట్టి తిండి పెట్టాల, ఒళ్లు వేడి చేయించాల" అన్నాడు.

"ఫోన్ చేస్తాలే" అన్నాను.

ఆయన ముస్లిం. యాభై దాటిన మనిషి. అప్పటికి నేను ముఖం కూడా చూడలేదు. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేసుకుని తిరుగుతాడనీ, జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని పిల్లల టైములన్నీ రాసుకుంటాడనీ తర్వాత తెలిసింది. మా టూరు ఫోనుల భాష ఆయనకు రాదు. ఎవరైనా బయల్దేరామంటే బయల్దేరారనే అనుకునే మనిషి.

ఏప్రిల్ నెల. ఒంటిపూట బడులు. బనగానపల్లెలో కార్యక్రమం పదింటికల్లా అయిపోయింది. అంతలో స్థానిక నాయకుడొకాయన తోటకు రావాల్సిందేనని పట్టుబట్టాడు. తొలి కోత పండ్లు, మంత్రి చేతి మీదుగా కోయాలట. తోటలో మంచాలు వేశారు. కొడవలిపీట ముందు ఇద్దరు కూర్చుని పండ్లు కోస్తున్నారు. నా ఫోను మోగింది.

"సార్, యాడ ఉండారు?"

నా కుడి చేతిలో మామిడి ముక్క ఉంది. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని అన్నాను. "బయల్దేరినాం."

పది గంటల పది నిమిషాలు. ఆ టైము నాకు తెలియదు, ఆయన పుస్తకంలో ఉంది. గంట దూరం గనుక పదకొండుకు పది నిమిషాలుండగా పిల్లల్ని గ్రౌండులో రెండు రౌండ్లు నెమ్మదిగా తిప్పాడు. పదకొండుకు లైను మీద నిలబెట్టాడు. కడుపు నిండుగా పరిగెత్తకూడదని బడి భోజనం పరుగు తర్వాత పెడదామనుకున్నాడు. వాళ్లు పొద్దున్నే తిన్నదే తిండి.

పదకొండుంబావుకు మళ్లీ ఫోను. "ఊరు దాటినాం" అన్నాను. మంత్రి అప్పటికి రెండో పండు తింటున్నారు.

పన్నెండుకు మూడోసారి. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

"సార్, ఎండ శానా ఉండాది. పిల్లోళ్లను క్లాసుల్లోకి పంపిచ్చి ఇంత తిండి పెడతా. మీరు యాడ ఉండేది నిజం చెప్పండి సార్. గంట పడతాదంటే గంటే అని చెప్పండి, నేనేమీ అనుకోను."

నిజం చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కానీ భోజనాలకు పోయిన పిల్లల్ని మళ్లీ పోగుచేసేసరికి మంత్రి వచ్చి నిలబడితే, కెమెరాలవాళ్లు వెళ్లిపోతే, మాట పడేది నేను. అంతకు ముందు వారమే ఒక ఊళ్లో అట్లా జరిగి అందరిముందూ తిట్లు తిన్నాను.

"వచ్చేసినాం. ఒక్క పది నిమిషాలు. లైను చెడగొట్టొద్దు" అన్నాను.

మేము చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. పన్నెండు మంది పిల్లలు సున్నపు గీత మీద నిలబడి ఉన్నారు. వాళ్ల పెదాలు తెల్లగా ఎండిపోవడం చూశాను. చూసి, కెమెరామన్ ఎక్కడున్నాడా అని వెతుక్కున్నాను. డ్రిల్లు సారు మంత్రికి ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. మనుషులు ఆయన్ని పక్కకు నెట్టారు. మంత్రి జెండా ఊపారు.

రెండు వందల మీటర్ల ట్రాక్, నాలుగు రౌండ్లు. మూడో రౌండు మలుపులో అందరికంటే ముందు పరిగెత్తుతున్న పిల్ల ఉన్నట్టుండి పక్కకు నడిచింది. ఎవరో పిలిచినట్టుగా ట్రాక్ వదిలి గడ్డిలోకి నాలుగడుగులు వేసి పడిపోయింది.

అంబులెన్సు ఉంది గానీ దాని వెనక అనుచరుల బండ్లు నిలబడి ఉన్నాయి. "ఎవురిదప్పా ఆ బండి, తియ్యండి!" అని మంత్రే అరిచారు. తాళాలున్న మనిషి కనిపించలేదు. ఆయన ఇంక ఆగకుండా తన కారు తలుపు తెరిచారు. ముందు సీట్లో ఆయన, వెనక పిల్లను పడుకోబెట్టుకుని మేమిద్దరం. తల డ్రిల్లు సారు ఒడిలో, కాళ్లు నా ఒడిలో. ఒక బూటు ఊడిపోయింది. ఆ పాదం నా చేతికి కాలిన పెనంలా తగిలింది. చెమట లేదు. ఆయన సీసాలో నీళ్లు చేతిరుమాలు మీద పోసి తల తడుపుతూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె కళ్లు తెరుస్తోంది గానీ ఎవరినీ చూడడం లేదు.

మంత్రి వెనక్కి తిరిగారు. "ఏమప్పా, పిల్లోళ్లను ఎప్పట్నించి నిలబెట్టినావు ఎండలో?"

"పదకొండు గంటల్నుంచి సార్."

"పదకొండా! నీకు బుద్ధి ఉండాదా? రెండు గంటలు నిలబెడతారా ఎవరైనా?"

"మీరు వస్తాండారని చెప్పిరి సార్."

"ఎవురు చెప్పింది?"

ఆయన నా వైపు చూశాడు. వేలు చూపలేదు, పేరు చెప్పలేదు. ఊరికే చూశాడు. చెప్పుకొమ్మని నాకే వదిలేశాడు.

"ఒంటిగంట అయితాదనే చెప్పినాం సార్" అన్నాను. "తప్పుగా అర్థం చేసుకున్నట్టుండాడు."

మంత్రి ముందుకు తిరిగిపోయారు. డ్రిల్లు సారు మళ్లీ పిల్ల నుదురు తడపడంలో పడ్డాడు.

ఆ పిల్ల బతికింది. మొదట దగ్గర్లో చేర్చి, అటునుంచి కర్నూలుకు మార్చారు. రెండు రోజులు ఏమవుతుందో చెప్పలేమన్నారు. ఆ రెండు రోజులూ డ్రిల్లు సారు వార్డు వరండాలోనే ఉన్నాడట. పిల్ల తల్లి ఆయన చొక్కా పట్టుకుని, "నీ చేతిలో పెడితే నా బిడ్డను ఎండబెట్టినావు గదా సామీ" అని ఏడ్చిందని మా వాళ్లే వచ్చి చెప్పారు. ఆయన మారు మాట్లాడలేదట. పిల్ల కోలుకుని ఇల్లు చేరింది. తల్లి మళ్లీ గ్రౌండు గడప తొక్కనివ్వలేదు. జిల్లా పోటీలకు తయారవుతున్న పిల్ల అని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన్ని సస్పెండ్ చేశారు. నెలన్నర తర్వాత విచారణ. నన్నూ పిలిచారు. ఆయన తన చిన్న నోటుపుస్తకం తెరిచి విచారణాధికారి ముందు పెట్టాడు. పిల్లల పరుగు టైముల కింద అదే చేతిరాతతో నా మూడు మాటలూ ఉన్నాయి. 10.10, బయల్దేరినాం. 11.15, ఊరు దాటినాం. 12.00, వచ్చేసినాం, పది నిమిషాలు.

విచారణాధికారి పాతకాలపు మనిషి. ఎందరో మంత్రుల కోసం ఎదురుచూసి ముదిరినవాడు. పుస్తకం చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఎన్నేండ్ల సర్వీసు సార్ మీది?"

"ఇరవై ఆరు సార్."

"ఇరవై ఆరేండ్ల సర్వీసులో మంత్రి గారు బయల్దేరినారంటే బయల్దేరినారని అనుకున్యారా?"

గదిలో అందరూ నవ్వారు. గుమస్తా నవ్వాడు, నీళ్లు తెచ్చిన అటెండరు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఎందుకు నవ్వుతున్నామో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. చివరికి నా దగ్గర ఆగి, "అట్లయితే ఏమనాల సార్, నిజంగా బయల్దేరితే?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు. తెలుసుకుందామనే.

"ఖచ్చితమైన సమయమేదీ చెప్పలేదు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను. తగిన జాగ్రత్త తీసుకోలేదని ఆయన సర్వీసు రికార్డులో రాశారు. ఆత్మకూరు అవతల అడవి అంచున ఒక చిన్న బడికి బదిలీ చేశారు. ఇక మీద పోటీలకు జట్లను తీసుకుపోకూడదన్నారు.

తర్వాత మంత్రి మారారు. నేను నా శాఖకు తిరిగొచ్చి కడపలో పనిలో పడ్డాను. ఏళ్లు గడిచాయి. మరిచిపోయానని చెప్పను. అర్థం చేసుకోలేకపోవడం ఆయన తప్పని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ సాకు బాగానే పనిచేసింది.

పోయిన వేసవిలో అది పనిచేయడం మానేసింది. ఒక పెద్ద మనిషి పర్యటన. రోడ్డు పక్క ఏర్పాట్లు చూసే బాధ్యత నాది. పూలపళ్లేలతో ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. అవతలి పీఏకు ఫోను చేశాను. "బయల్దేరినాం సార్" అన్నాడు. నేను ఫోను పెట్టేసి, "పిల్లల్ని నీడకు పంపండి, ఇంకా గంటన్నర" అన్నాను. పక్కనున్న కొత్త టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"బయల్దేరినారంట గదా సార్? మీకెట్ల తెలుసు?"

ఎట్లా తెలుసో చెప్పాలంటే మామిడితోట దగ్గర మొదలుపెట్టాలి.

మరుసటి ఆదివారం ఆత్మకూరు పోయాను. ఆయన ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. డ్రిల్లు సారు ఇల్లంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. ఆరు నెలల్లో రిటైరవుతాడట. మెడలో వాచీ లేదు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. నేను ముందే తయారు చేసుకున్న నాలుగు మాటలూ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నాకెందుకు చెప్తాండారు సార్? ఫోన్ల మాట్లాడింది మీరు, విన్నింది నేను. జరిగింది నాకు తెలీదా? తెలీనోళ్లకు చెప్పండి."

"డిపార్టుమెంటుకు రాసిస్తా సార్. నా స్టేట్‌మెంటు తప్పని."

"రాసుకోండి. ఆ కాగితాలు ఎవురు చూస్తారు ఇప్పుడు?" టీ గ్లాసు పక్కన పెట్టాడు. "నాదీ తప్పుండాది. మీ మాట వినింటి గానీ, పిల్లోళ్ల మొగాలు చూసి నేనే పంపిచ్చేసింటే పోతాండె. మంత్రి వస్తాండాడంటే భయపడితి. అది నేను మోసుకుంటా. కానీ ఆ పాప నన్ను అడగల్యా సార్. ఆస్పత్రిలో లేచినాక నా మొగం చూసి గోడ తట్టు తిరిగింది. ఆ పొద్దుటి నుంచి ఒక మాట ల్యా, ఒక ఫోన్ ల్యా. నేనే కావాలని నిలబెట్టినా అనుకుంటాది. మంత్రి ముందర పేరు కోసం."

"మీరెందుకు చెప్పుకోలేదు?"

"ఏమని చెప్పుకోవాల? బయల్దేరినామంటే నమ్మితినని చెప్తే మీరంతా నవ్వితిరి గదా."

ఆ పిల్ల ఇప్పుడు తుమ్మలపల్లె దగ్గర ఉందని ఆయనే చెప్పాడు. భర్తకు గనిలో ఉద్యోగం. తల్లి కూడా కూతురి దగ్గరే ఉంటోంది. నాతో రమ్మని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే నేనే పిలుచుకొచ్చి చెప్పిచ్చినట్టుంటాది. మీరొక్కరే పోండి."

పోయే ముందు రెండు పనులు చేశాను. ఆ రోజు ఏం జరిగిందో టైములతో సహా రాసి, నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధమని సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చాను. నా మీద ఏ చర్య వస్తుందో ఇది రాసేనాటికి తెలియదు. ఆ తర్వాత అప్పటి మంత్రికి ఫోను చేశాను. ఆయన అంతా విన్నారు. "కార్లోనే చెప్పింటే నేను నీకు అడ్డం నిలబడేవాణ్ణి గదప్పా. ఆయప్పను ఊరికే తిడితినే" అని పెట్టేశారు.

తుమ్మలపల్లెకు కడప నుంచి పొద్దున బస్సుకే పోయాను. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ఇంటి ముందు రేకుల పంచలో మూడేళ్ల కూతురికి జడ వేస్తోంది. తల్లి గడపలో కూర్చుని అలసందలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పాను. తల్లి చేతులు ఆగిపోయాయి.

"ఇన్నేండ్లకు ఏం పనిబడి వచ్చినావు?" అంది తల్లి.

నిలబడే చెప్పాను. మూడు ఫోన్లూ, మూడు మాటలూ, కారులో చెప్పిన అబద్ధమూ. అమ్మాయి జడ అల్లడం ఆపలేదు. చివర రబ్బరుబ్యాండు వేసి, పాపను లోపలికి పంపి, అప్పుడు తలెత్తింది.

"మా సారు ఫోను చేతిలో పట్టుకొని గేటు దాకా పోతా ఉండె, వస్తా ఉండె. గుర్తుండాది నాకు. 'ఇంగ పది నిమిషాలమ్మా' అనె. మేము సార్ మీద గొణుక్కుంటిమి." ఆమె గొంతులో కోపం ఇంకా నా వైపు తిరగలేదు. "మీరు యాడ ఉంటిరి అప్పుడు?"

"బనగానపల్లెలో. మామిడితోటలో."

"ఏం చేస్తాంటిరి?"

దీనికి మాత్రం నేను తయారై రాలేదు.

"మామిడిపండు తింటాంటి తల్లీ."

తల్లి ఒడిలోని కాయలు కింద పడ్డాయి. "చూడు, చూడు ఎట్ల చెప్తాండాడో" అని లేవబోయింది. అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. తర్వాత లోపలికి పోయి ఫోను తెచ్చింది.

"మా సారు నంబరు మీ దగ్గర ఉంటాది గదా. చెప్పండి."

చెప్పాను. ఆమె నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను నా చేతికి ఇచ్చింది. "నాకు చెప్పింది చాలు. నేను వినేటట్లు ఆయనకు చెప్పండి."

రెండుసార్లు మోగింది. కొత్త నంబరు చూసి నేనే అనుకున్నాడో ఏమో, ఎత్తగానే అడిగాడు.

"సార్, యాడ ఉండారు?"

అదే ప్రశ్న. అదే గొంతు, కొంచెం ముసలిది.

"తుమ్మలపల్లెలో ఉండా సార్. మీ పాప ఇంటి ముందర నిలబడి ఉండా. ఆ యమ్మా, వాళ్లమ్మా వింటాండారు. ఆ పొద్దు పది గంటల పది నిమిషాలకు బయల్దేరినామని మీకు చెప్పినా. మేము బయల్దేరల్యా. పన్నెండు గంటలకు వచ్చేసినామని చెప్పినా. మేము కారు కూడా ఎక్కల్యా. పిల్లోళ్లను నీడకు పంపిస్తానని మీరు అడిగితిరి, నేనే వద్దంటి. అందరూ నవ్వితే నేనూ నవ్వితి. తప్పు నాది. నన్ను క్షమించండి సార్."